చెరువులో చేపలు తెల్లవారుజామునే ఎందుకు తేలుతాయి? ఒక ప్రశ్నను శాస్త్రీయంగా తేల్చుకోవడం ఎలా

ఎండాకాలం ముగిసే రోజుల్లో, నీరు తగ్గి ఆకుపచ్చగా చిక్కబడిన చెరువులో ఒక తెల్లవారుజామున చేపలు గుంపులుగా పైకి తేలి చనిపోవడం మన ఊళ్ళలో చాలామంది చూసినదే. కట్ట మీద చేరినవారిలో ఒకరు గిట్టనివారెవరో మందు కలిపారంటారు, మరొకరు పైపొలాల్లో కొట్టిన పురుగుమందు కొట్టుకొచ్చిందంటారు, ఇంకొకరు ఎండకు తాళలేకపోయాయంటారు. మధ్యాహ్నానికల్లా చచ్చిన చేపలను పూడ్చేస్తారు, వాదన మాత్రం అలాగే మిగిలిపోతుంది. ఈ వాదనను తేల్చడానికి పెద్ద ప్రయోగశాల అక్కరలేదు. మన ఊహ తప్పయితే ఏ కొలత దాన్ని పట్టిస్తుందో ముందుగానే కాగితం మీద రాసుకుని, ఆ తరువాత కొలవడానికి వెళ్ళడం చాలు. పర్యావరణ శాస్త్రంలోని తొలి భావనలను, శాస్త్రీయ పద్ధతిని ఈ ఒక్క ప్రశ్న ఆధారంగా ఎలా నేర్చుకోవచ్చో ఇక్కడ వివరిస్తున్నాను. హైస్కూలు విద్యార్థులు, వారి ఉపాధ్యాయులు, చెరువు పాడుకున్న మత్స్యకార సంఘాల సభ్యులు ఎవరైనా రెండు వారాల్లో దీన్ని పూర్తి చేయవచ్చు.

కావలసినవి

గట్టి అట్ట ఉన్న నోటుపుస్తకం, మామూలు థర్మామీటరు, 20 సెంటీమీటర్ల వ్యాసం ఉన్న రేకు పళ్ళెం, తాడు, బిగుతుగా మూతపడే ఒకే రకం గాజు సీసాలు ఐదారు, నల్లగుడ్డ, నీటిలో కరిగిన ఆక్సిజన్‌ను కొలిచే కిట్టు ఉంటే పని మొదలుపెట్టవచ్చు. భీమవరం, కైకలూరు వైపు చేపల, రొయ్యల చెరువులకు మందులమ్మే దుకాణాల్లో డీఓ కిట్టు అని అడిగితే ఇస్తారు. టీడీఎస్ మీటరు కొనవలసిన అవసరం లేదు. నీళ్ళ ఫిల్టర్లు అమ్మేవారు ఆ మీటరును చూపించి నీటి మంచిచెడ్డలన్నీ చెప్పేస్తుంటారు గానీ, అది సూచించేది నీటిలో కరిగిన లవణాల మొత్తాన్ని మాత్రమే. మన ప్రశ్నకు దానితో సంబంధం లేదు.

మొదలుపెట్టే ముందు చెరువు పాడుకున్నవారి అనుమతి తీసుకోండి. చీకటిలో ఒంటరిగా వెళ్ళకండి, ఈత వచ్చిన పెద్దవారు ఒకరు పక్కన ఉండాలి, నడుముకు మించిన లోతులోకి దిగకూడదు. తూము దగ్గర నీటి లాగుడు పైకి కనిపించదు కాబట్టి అక్కడ అసలే దిగవద్దు.

చూసినదాన్ని, అనుకున్నదాన్ని వేరు చేయండి

నోటుపుస్తకంలో ఎడమ పేజీ మీరు చూసిన, కొలిచిన విషయాలకు, కుడి పేజీ మీ ఊహలకు కేటాయించండి. ఇది చిన్న ఏర్పాటులా కనిపిస్తుంది గానీ, పరిశోధనలో జరిగే పొరపాట్లలో ఎక్కువ భాగం ఇక్కడే మొదలవుతాయి. ‘ఊపిరాడక చేపలు చనిపోయాయి’ అన్నది చూసిన విషయం కాదు, అది ఊహ. ‘ఉదయం 5:40కి తూము పక్కన ఇరవై ముప్పై చేపలు నోరు నీటిపైకి పెట్టి తెరుస్తూ మూస్తూ ఉన్నాయి, వాటిలో బొచ్చెలు ఎక్కువ, ఆకాశం మబ్బుగా ఉంది, గాలి లేదు, నీరు చిక్కని ఆకుపచ్చ రంగులో ఉంది’ అన్నది పరిశీలన. చదివినవారెవరైనా అదే చోట నిలబడితే అదే రాయగలిగేలా మీ వాక్యం ఉండాలి.

చెరువును ఏళ్ళ తరబడి చూస్తున్న మత్స్యకారులతో తప్పకుండా మాట్లాడండి. ఏ నెలలో, ఏ గాలికి, వాన పడిన ఎన్నో రోజున చేపలు తేలుతాయో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. వారు చెప్పినది మీ కంటితో చూసినది కాదు కాబట్టి, విన్న విషయంగానే తేదీ వేసి రాసుకోండి. తరువాత వేసే ప్రశ్నలలో మంచివి తరచూ అక్కడి నుంచే వస్తాయి.

నీటిలో గాలి లెక్క

ఊహలు కట్టేముందు చెరువులో ఆక్సిజన్ రాకపోకలు తెలియాలి. 30 డిగ్రీల సెల్సియస్ వద్ద లీటరు గాలిలో సుమారు 270 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉంటుంది. అదే వేడిమి వద్ద లీటరు మంచినీరు గాలి నుంచి తీసుకుని తనలో నిలుపుకోగలిగేది దాదాపు 7.5 మిల్లీగ్రాములే. నీరు వేడెక్కేకొద్దీ ఈ సామర్థ్యం ఇంకా తగ్గుతుంది. 20 డిగ్రీల వద్ద అది సుమారు 9.1 ఉంటుంది. అంటే ఎండాకాలపు చెరువులో చేపలు అసలే తక్కువ నిల్వతో కాలం వెళ్ళదీస్తుంటాయి. చేపల పెంపకానికి పనికివచ్చే నీటిలో లీటరుకు కనీసం 4 మిల్లీగ్రాముల ఆక్సిజన్ ఉండాలని కేంద్ర కాలుష్య నియంత్రణ మండలి వర్గీకరణ చెబుతుంది.

ఈ నిల్వలోకి ఆక్సిజన్ రెండు దారుల్లో వస్తుంది. గాలి నీటిపై తాకి కరగడం ఒకటి. గాలి నిలిచిపోయిన రోజు ఇది చాలా నెమ్మదిగా సాగుతుంది. నీటికి ఆకుపచ్చ రంగునిచ్చే, కంటికి విడిగా కనిపించని వృక్షప్లవకాలు పగటిపూట కిరణజన్య సంయోగక్రియ ద్వారా విడుదల చేసేది రెండోది. ఎండ బాగా కాసిన మధ్యాహ్నం పచ్చని చెరువులో ఆక్సిజన్ గాలితో సమతూకంలో ఉండవలసిన స్థాయిని కూడా మించిపోతుంది. ఖర్చు మాత్రం రాత్రింబవళ్ళు సాగుతూనే ఉంటుంది. చేపలు, సూక్ష్మజీవులు, అడుగు బురదలో కుళ్ళుతున్న పదార్థం, అన్నిటికంటే ముఖ్యంగా పగలు ఆక్సిజన్‌నిచ్చిన ఆ ప్లవకాలే రాత్రంతా దాన్ని పీల్చుకుంటాయి. పగలు రాబడి, ఖర్చు రెండూ ఉండి, రాత్రి దాదాపు ఖర్చే మిగిలితే, నిల్వ అన్నిటికంటే తక్కువగా ఉండేది సూర్యోదయానికి కాస్త ముందు. జీవులు, నిర్జీవ పదార్థాలు, శక్తి ఒకదానితో ఒకటి ముడిపడి ఉండే ఇటువంటి ఏర్పాటునే ఆవరణ వ్యవస్థ అంటారు. పాఠ్యపుస్తకాల్లో ఈ మాటకు అడవి బొమ్మ వేస్తారు గానీ, దాన్ని అర్థం చేసుకోవడానికి చెరువే సులువు: దానికి గట్టు ఉంది, లోపలికి వచ్చేదీ బయటికి పోయేదీ లెక్కకు అందుతాయి.

ఒకటి కంటే ఎక్కువ పరికల్పనలు రాయండి

పరికల్పన అంటే పరీక్షకు నిలబెట్టగల ఊహ. ఒకే ఒక్క పరికల్పన పెట్టుకుని చెరువు దగ్గరకు వెళితే కనిపించిన ప్రతిదీ దానికి సాక్ష్యంగానే తోస్తుంది. అందువల్ల కనీసం రెండు రాసుకుని, ఒక్కోటి నిజమైతే ఏమి కనిపించాలో, ముఖ్యంగా ఏమి కనిపించకూడదో దాని కిందే రాయండి.

ఆక్సిజన్ తగ్గడమే కారణమైతే చేపలు తెల్లవారుజామున తేలాలి, ఎండ ఎక్కేకొద్దీ బతికినవి తేరుకుని లోపలికి పోవాలి. చిన్నవాటికంటే పెద్దవి ముందుగా చనిపోవడం ఇటువంటప్పుడు సాధారణం. పైకి వచ్చి నేరుగా గాలి పీల్చుకోగల కొర్రమీను బతికి ఉండి, బొచ్చె, శీలావతి చనిపోవాలి. విషమే కారణమైతే ఈ వేళాపాళా ఉండనక్కరలేదు, మిట్టమధ్యాహ్నమైనా చేపలు తేలవచ్చు. తరచుగా చిన్న చేపలు ముందు పోతాయి, కొర్రమీనుకూ మినహాయింపు ఉండదు, నీటి పురుగులు కూడా చనిపోయి కనిపించవచ్చు. వేడిమే కారణమైతే, నీరు అత్యంత వేడిగా ఉండే మధ్యాహ్నం మూడు గంటల ప్రాంతంలో చావులు కనిపించాలి గాని, నీరు కాస్త చల్లబడిన తెల్లవారుజామున కాదు. ఇలా రాసుకున్నాక ఒక్క మీటరైనా కొనకముందే మూడో ఊహ బలహీనపడడం మీకే కనిపిస్తుంది. అయితే వేడిమి పాత్ర బొత్తిగా లేదని దీని అర్థం కాదు. నీటి నిల్వ సామర్థ్యాన్ని తగ్గించి మొదటి కారణానికి అది తోడ్పడుతూ ఉండవచ్చు.

విషం కలిసిందన్న అనుమానం బలంగా ఉంటే మీ ప్రయోగం కోసం ఆగకండి. అప్పుడే చనిపోయిన చేపలను, సీసా నిండా నీటిని మంచులో పెట్టి వెంటనే మత్స్యశాఖ వారికి అందజేయండి. చచ్చి తేలిన చేపలను ఎవరూ తినకుండా చూడండి.

కొలతలు తీసే పద్ధతి

నీటి తేటదనంతో మొదలుపెట్టండి. 1865లో ఇటలీకి చెందిన ఖగోళ శాస్త్రవేత్త, మతగురువు ఆంజెలో సెక్కీ సముద్రంలోకి తెల్లని బిళ్ళను దింపి, అది కంటికి కనిపించకుండా పోయే లోతును కొలిచారు. ఆ ఉపాయం ఇప్పటికీ వాడుకలో ఉంది. మీ రేకు పళ్ళేన్ని నాలుగు భాగాలుగా గీసి ఎదురెదురు భాగాలకు నలుపు, తెలుపు రంగులు వేయండి. మధ్యలో రంధ్రం చేసి, తాడు కట్టి, అడుగున రాయి వేలాడదీయండి. తాడుకు ప్రతి 5 సెంటీమీటర్లకు ఒక గుర్తు పెట్టండి. ఉదయం పది నుంచి మధ్యాహ్నం రెండు గంటల లోపు, మీ నీడ పడిన వైపున దాన్ని నెమ్మదిగా దింపి, కనిపించకుండా పోయిన లోతు రాసుకోండి. కాస్త దింపి మళ్ళీ పైకి లాగుతూ తిరిగి కనిపించిన లోతు రాసుకోండి. రెండింటి సగటు మీ కొలత. చేపల చెరువుల్లో ఇది 30 నుంచి 40 సెంటీమీటర్ల మధ్య ఉండడం మంచిదంటారు. 20 కంటే తగ్గి, నీరు ఆకుపచ్చగా ఉంటే ప్లవకాలు మితిమీరి పెరిగాయని అనుమానించవచ్చు. వాన తరువాత ఎర్రమట్టి వల్ల కూడా లోతు తగ్గుతుంది కాబట్టి నీటి రంగు రాయకుండా ఈ అంకె ఒక్కటే రాస్తే దానికి విలువ లేదు.

ఆక్సిజన్ కొలిచే కిట్టులో సాధారణంగా ఉండేది 1888లో హంగరీ రసాయన శాస్త్రవేత్త లాయోష్ వింక్లర్ రూపొందించిన పద్ధతి. మొదటి రెండు ద్రావణాలు కలిపినప్పుడు గోధుమ రంగు అవక్షేపం వస్తే నీటిలో ఆక్సిజన్ ఉన్నట్టు, అది తెల్లగానే ఉండిపోతే దాదాపు లేనట్టు. ఆపై ఆమ్లం కలిపి, రంగు పోయేవరకు చివరి ద్రావణాన్ని చుక్కలు చుక్కలుగా వేసి, చుక్కల లెక్కతో అంకె తేలుస్తారు. ఇందులో ఘాటైన క్షారం, ఆమ్లం ఉంటాయి; చేతి తొడుగులు, కళ్ళద్దాలు లేకుండా ముట్టుకోవద్దు. పరీక్ష చేసిన ద్రవాన్ని చెరువులో పోయకుండా ఒక డబ్బాలో పట్టి బడి ప్రయోగశాలకు అప్పగించండి.

ఇక్కడ ఎక్కువమంది తప్పు చేసేది రసాయనాల దగ్గర కాదు, నీరు పట్టే దగ్గర. బిందె ముంచినట్టు బుడబుడమని సీసా నింపితే గాలి కలిసి, చెరువులో లేని ఆక్సిజన్ సీసాలో కనిపిస్తుంది. సీసాను మూతతో సహా మోచేతి లోతుకు తీసుకుపోయి, అక్కడే మూత తీసి, ఏటవాలుగా పట్టి మెల్లగా నింపి, నీటిలోపలే మూత బిగించి పైకి తీయండి. తలకిందులు చేసి చూస్తే ఒక్క బుడగ కూడా కనిపించకూడదు. కనిపిస్తే పారబోసి మళ్ళీ పట్టండి.

కిట్టును నమ్మేముందు దాన్ని కూడా పరీక్షించాలి. రెండు బకెట్లు తీసుకుని, ఒకదాని నుంచి మరొకదానిలోకి ఎత్తు నుంచి ఓ పది నిమిషాల పాటు నీరు పోస్తూ ఉండండి. అప్పుడు ఆ నీరు గాలితో ఇంచుమించు సమతూకానికి వస్తుంది. నీటి వేడిమి 30 డిగ్రీలుంటే కిట్టు 7.5కు దగ్గరగా, 25 డిగ్రీలుంటే 8.3కు దగ్గరగా చూపాలి. ప్రతిసారీ ఒక యూనిట్ ఎక్కువో తక్కువో చూపిస్తే, ఆ తేడాను రాసుకుని మీ కొలతలన్నిటినీ సరిచేయండి. చూపించిన ప్రతిసారీ ఒక్కో అంకె వస్తుంటే మాత్రం సవరణతో పని జరగదు, అది పనికిరాని కిట్టు. మొదటిది ఖచ్చితత్వంలో దోషం, రెండోది నిలకడలో దోషం.

ప్రతి కొలతనూ మూడుసార్లు తీయండి. మూడింటిలో ఒకటి వింతగా వస్తే కొట్టివేయకుండా, పక్కన కారణం రాసి అలాగే ఉంచండి.

రెండు సీసాల ప్రయోగం

నార్వేకు చెందిన గార్డర్, గ్రాన్ 1927లో ప్రచురించిన ఈ ప్రయోగం కంటే పర్యావరణ శాస్త్రంలోకి మంచి ప్రవేశం నాకు తెలియదు. ఉదయం పదింటికి ఒకే చోట, ఒకే లోతు నుంచి మూడు సీసాల నీరు పట్టండి. మొదటిదాన్ని అక్కడికక్కడే పరీక్షించండి. రెండోదాన్ని అలాగే, మూడోదానికి వెలుతురు చొరకుండా నల్లగుడ్డను రెండు మూడు పొరలు చుట్టి, రెండింటినీ ఒకే కర్రకు కట్టి అదే లోతులో వేలాడదీయండి. మధ్యాహ్నం రెండింటికి తీసి వెంటనే పరీక్షించండి.

రెండు సీసాల్లోనూ నీరు ఒకటే, వేడిమి ఒకటే, సమయం ఒకటే. తేడా వెలుతురు ఒక్కటే. శాస్త్రీయ పద్ధతిలో నియంత్రణ అంటే ఇదే. ఇటువంటి పోలికకు ప్రసిద్ధమైన ఉదాహరణ కెనడాలోని ఆంటారియోలో ఉంది. 1973లో డేవిడ్ షిండ్లర్ బృందం 226 అనే సంఖ్యతో పిలిచే సరస్సును తెరతో రెండుగా విభజించి, ఒక భాగంలో కార్బన్, నత్రజని, రెండో భాగంలో వాటితోపాటు భాస్వరం కలిపింది. భాస్వరం కలిపిన సగం పచ్చబడింది, రెండో సగం తేటగానే ఉంది. పొలాల ఎరువు, మురుగునీరు చేరిన చెరువు ఎందుకు పచ్చబడుతుందన్న వాదనలో ఆ సరస్సు ఫోటో వెయ్యి మాటల పెట్టు. పోషకాలు పెరిగి నీరు ఇలా చిక్కబడడాన్ని యూట్రోఫికేషన్ అంటారు.

మన సీసాలకు వద్దాం. లెక్క అర్థం కావడానికి కొన్ని అంకెలు అనుకుందాం: లీటరుకు మిల్లీగ్రాముల్లో మొదట 5.0, వెలుతురు సీసాలో 8.0, నల్ల సీసాలో 3.4 వచ్చాయి. నల్ల సీసాలో తయారీ లేదు, ఖర్చు మాత్రమే ఉంది. నాలుగు గంటల్లో 1.6 ఖర్చయింది, అంటే గంటకు 0.4. వెలుతురు సీసాలో 3.0 మిగిలింది, అక్కడా అంతే ఖర్చయి ఉంటుంది కాబట్టి మొత్తం తయారైనది 4.6.

జోస్యం చెప్పి, పరీక్షకు నిలబడండి

ఇప్పుడు అసలైన ఘట్టం. సాయంత్రం ఆరింటికి చెరువులో ఆక్సిజన్ 8.0 ఉందనుకోండి. గంటకు 0.4 చొప్పున పన్నెండు గంటల్లో 4.8 ఖర్చవుతుంది, కాబట్టి తెల్లవారి ఆరింటికి 3.2 ఉండాలి. ఈ అంకెను తేదీ, సమయంతో సహా ముందురోజు సాయంత్రమే రాసి, తోటివారొకరి చేత సంతకం చేయించండి. తెల్లవారాక చూసి ‘నేనూ ఇదే అనుకున్నాను’ అనడానికి ఎవరికీ, మీకు కూడా, అవకాశం ఉండకూడదు.

అదే రాత్రి తొమ్మిదింటికి మరోసారి కొలవండి. ఆరు, తొమ్మిది గంటల అంకెలను గ్రాఫు కాగితం మీద పెట్టి, వాటి మీదుగా సరళరేఖ గీసి తెల్లవారే వరకు పొడిగిస్తే రెండో జోస్యం వస్తుంది. చేపల చెరువుల్లో రాత్రి ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) వేయాలా వద్దా అని ముందుగా తెలుసుకోవడానికి ఈ గీత నిజంగానే ఉపయోగపడుతుంది. సీసా చెప్పిన జోస్యం, గీత చెప్పిన జోస్యం, తెల్లవారాక కొలిచిన అంకె, మూడూ పక్కపక్కన ఉంటే మీ చేతిలో పరిశోధన ఉన్నట్టే.

మూడూ ఒకటే రావడం అరుదు. సీసా 3.2 అంటే చెరువు 1.5 చూపవచ్చు. ఈ తేడాను వైఫల్యంగా చూసి నోటుపుస్తకం మూసేయకండి, అందులో సమాచారం ఉంది. సీసాలో చేపలు లేవు, బురద లేదు. చెరువులో రెండూ ఉన్నాయి. సీసాకు గాలి తగలదు, చెరువుకు కాస్త తగులుతుంది. రాత్రి నీరు చల్లబడినప్పుడు జీవుల శ్వాసక్రియ కూడా కొంత నెమ్మదిస్తుంది. చివరి రెండూ చెరువు అంకెను పెంచవలసినవే కాబట్టి, అది తగ్గిందంటే బురద, చేపల మీద అనుమానం పెరుగుతుంది. ఇంకో రోజు రెండు నల్ల సీసాలు తీసుకుని, ఒకదానిలో మాత్రం చిటికెడు అడుగు బురద వేసి పోల్చి చూడండి.

ఏమి చెప్పవచ్చు, ఏమి చెప్పకూడదు

ఎండ కాసిన రోజులు మూడు, మబ్బు పట్టిన రోజులు మూడు, వీలైతే తేటనీరున్న మరో చెరువులో కూడా ఇవే కొలతలు తీశాక ఒక పేజీ నివేదిక రాయండి. మబ్బు రోజుల మరుసటి తెల్లవారు అంకెలు తక్కువగా వస్తే, వెలుతురు తగ్గి తయారీ తగ్గిందన్న వివరణకు బలం చేకూరుతుంది. అయితే మబ్బు రోజునే వాన పడి పొలాల నీరు కూడా చెరువులో చేరి ఉంటే రెండు కారణాలు కలిసిపోయినట్టే. ఆ రోజును విడిగా గుర్తించాలి. రెండు సంగతులు ఒకేసారి జరిగినంత మాత్రాన ఒకటి రెండోదానికి కారణమని రాయకూడదు.

మీ కొలతలన్నీ ఆక్సిజన్ వైపే చూపినా, ‘ఈ రెండు వారాల్లో, ఈ చెరువులో, తెల్లవారుజామున ఆక్సిజన్ 4 కంటే తగ్గింది, చేపలు నోరు పైకి పెట్టిన రోజులు అవే’ అన్నంతవరకే రాయండి. పోయిన ఏడాది చేపలు చచ్చింది కూడా ఇందుకేనని ఈ అంకెలు చెప్పవు, ఆనాడు ఎవరూ కొలవలేదు. మీరు కొట్టివేయకుండా ఉంచిన వింత కొలతలను కూడా నివేదికలో చేర్చండి.

తెల్లవారు అంకె వరుసగా తగ్గుతూ వస్తుంటే నివేదిక పూర్తయ్యేవరకు ఆగకుండా చెరువు పాడుకున్నవారికి చెప్పండి. మేత ఆపడం, వీలైతే బోరు నీటిని గాలి తగిలేలా ఎత్తు నుంచి వదలడం వంటివి వారు ఆ రాత్రే చేసుకోగలరు. మొదటి వానలకు చెరువు నిండి అలుగు పారాక, అదే చోట, అదే వేళకు, అదే పళ్ళెంతో, అదే కిట్టుతో మళ్ళీ ఒక వారం కొలిచి, పాత అంకెల పక్కనే రాయండి.